జోస్యం సిస్టరుకు పోటీ

ఆ ఆసుపత్రిలో రేడియేషన్ గదిని అందరూ కరెంటు గది అంటారు. దాని బయట బల్ల మీద కూర్చున్న ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది, గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చినవాళ్ళలో ఎవరికి వైద్యం పడుతుందో, ఎవరికి పడదో జోస్యం సిస్టర్ ముందే చెప్పేస్తుందని. సంతలో పశువు పళ్ళు చూసి వయసు చెప్పేవాళ్ళుంటారు, రేవుల్లో గాలి వాసన పట్టి వాన చెప్పేవాళ్ళుంటారు. ఈవిడా ఆ జాతి మనిషే. కాకపోతే ఇరవై మూడేళ్ళుగా చూస్తున్నది ఒంట్లో రక్తం ఎంతుంది, రెండో వారానికి రక్తస్రావం తగ్గిందా, మనిషి అన్నం తింటోందా అని.

అలాంటి చోటికి చిన్న డాక్టరమ్మ కంప్యూటరుతో దిగింది. స్కానింగ్ బొమ్మ చూపిస్తే చాలు, నయమయ్యే అవకాశం నూటికి ఇంతని అది అంకె చెబుతుంది. బల్ల మీదివాళ్ళంతా అటు తిరిగిపోయారు. సిస్టరుకి కడుపు రగిలిపోయింది.

బట్టలు కుట్టుకుని బతికే టైలరమ్మ వైద్యానికొస్తే, కంప్యూటరు ఆమెకి ఎనభై ఆరు ఇచ్చింది. సిస్టర్ పెదవి విరిచింది.

"ఒంట్లో చుక్క రక్తం లేదు. ఈమెకు పడదు, రాసిపెట్టుకోండి."

"పందెమా సిస్టర్ గారూ?" అని నవ్వింది చిన్న డాక్టరమ్మ.

వైద్యం మొదలైన నాలుగో వారంలో టైలరమ్మ వరుసగా మూడు రోజులు రాలేదు. రానివాళ్ళకి ఫోన్ చేసే పని సిస్టరుదే. కరెంటు పెట్టడం మధ్యలో ఆగితే గడ్డ మళ్ళీ తలెత్తుతుందని ఆవిడకి తెలుసు. కంప్యూటరుకేం తెలుసు? అది చూసింది మొదటిరోజు బొమ్మనే. ఇంకో వారం ఫోన్ చెయ్యకుండా ఊరుకుంటే గెలుపు తనది. ఆ ఆలోచనని మధ్యాహ్నం దాకా చప్పరించింది. తర్వాత తన మీద తనకే అసహ్యం పుట్టి ఫోన్ తీసింది.

"ఏమే, ఎక్కడ చచ్చావు?"

"నీరసం సిస్టరమ్మా. అయినా ఎనభై ఆరొచ్చింది కదా, పాసైపోయాను. ఇంకా రావాలా?"

"పాసేంటే నీ మొహం! పరీక్ష సగమే రాశావు. ఇప్పుడే బయల్దేరు, నువ్వొచ్చేదాకా మెషిన్ కట్టెయ్యనివ్వను."

వైద్యం పూర్తయిన మూడు నెలలకి తీసిన స్కానింగులో గడ్డ లేదు. "చెప్పానా, ఎనభై ఆరు!" అని గంతేసింది చిన్న డాక్టరమ్మ. టైలరమ్మ తాను కుట్టిన చేతిసంచి తెచ్చి ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.

సిస్టర్ సంచి అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కుట్టు వంకర" అంది.