బిగించకూడని బోల్టులు

ఓర్విల్‌కు లోకంలో పడనిది ఒక్కటే: వదులుగా ఉన్న వస్తువు. ఎక్కడ గడగడమన్నా జేబులోంచి పానా బయటికొచ్చేస్తుంది. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగానే పీఠం కింద దూరి బోల్టు బిగించి, అందరికన్నా ముందు "ఆమెన్" అన్నాడు!

విస్కాన్సిన్‌లోని ఆ సరస్సు ఒడ్డున తాతలనాటి పడవ మోటార్లంటే అందరికీ పిచ్చి. వాటికి వైద్యుడు ఓర్విల్. పొగగొట్టం వదులైతే దూరం నుంచే విని, ఏ బోల్టో చెప్పేస్తాడు. అంతటివాడూ పక్కింటి క్లేటన్ మోటారు దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. ప్రతి శనివారం విప్పడం, తల గోక్కోవడం, మళ్ళీ మూసేయడం.

రేవులో చేపల ఎరల కొట్టు నడిపే డార్లాకు నవ్వాగేది కాదు. "ఏం బాబాయ్, చెవులకి తుప్పు పట్టిందా?"

"దాని రోగం నాకు అంతుపట్టడం లేదమ్మా."

ఓ మధ్యాహ్నం క్లేటన్ పడవేసుకుని ఎరలు కొనడానికొచ్చాడు. డార్లాకు చెయ్యి దురద పెట్టింది. అతను ఎరలు ఏరుకుంటుండగా మోటారు మూత తీసి, పొగగొట్టం పట్టుకుని ఊపింది. రెండు బోల్టులు వదులు! ఓస్, ఇంతేనా! బిగించేసింది. పడవ చప్పుడు లేకుండా పిల్లిలా వెళ్ళిపోయింది.

సాయంత్రం కొట్టు కట్టేసి, గొప్పలు చెప్పుకోవడానికి ఓర్విల్ దగ్గరికి పరుగెత్తింది. ఓర్విల్ మొహం పాలిపోయింది.

"ఎంత పని చేశావే తల్లీ! వాటిని వదులు చేసింది నేనే!"

"నువ్వా?"

"వాళ్ళావిడ ఎల్నాకి చూపు పోయింది కదా. ఇంక నేనెందుకూ పనికిరానని మూల కూర్చుంది. ఆ గడగడ వినబడితే మొగుడొస్తున్నాడని రేవులో గంట కొడుతుంది. పొగమంచులో ఆ గంట వినే వాడు ఒడ్డు చేరేది."

డార్లా సరస్సు వైపు చూసింది. నీళ్ళు కనబడడం లేదు, అంతా తెల్లటి మంచే. క్లేటన్ ఇంకా లోపలే ఉన్నాడు. ఆమె ఓర్విల్ చెయ్యి పట్టి లాగింది.

"వెళ్ళి ఎల్నాని గంట కొట్టమందాం, పద!"

"అప్పుడు దారి చూపించింది మనమవుతాం, ఎల్నా కాదు!"

ఓర్విల్ తన సొంత మోటారు మీద పడ్డాడు. దాని పొగగొట్టం ఏనాడూ కిక్కురుమని ఎరగదు. బోల్టు వదులు చెయ్యడానికి పానా పెట్టి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నువ్వు తిప్పవే డార్లా, నేను చూడలేను!"

పడవ ఒడ్డు వెంబడి గడగడలాడుతూ బయల్దేరింది. నడుపుతున్నది డార్లా. ఓర్విల్ చెవుల్లో వేళ్ళు పెట్టుకుని పళ్ళు నూరుతున్నాడు.

"పోనీ కాసేపు ఆపనా బాబాయ్?"

"ఆపావంటే చంపేస్తా!"

ణంగ్! ణంగ్! రేవులో గంట మోగింది. కాసేపటికి మంచులోంచి క్లేటన్ పడవ తిన్నగా రేవుకొచ్చి తగిలింది. డార్లా హమ్మయ్య అనుకుని తమ పడవనీ రేవుకి చేర్చింది.

ఎల్నా గంట తాడు వదిలి నవ్వింది. "ఓర్విల్, నువ్వేగా? మా ఆయన మోటారు గడగడకి మధ్యలో ఓ దగ్గుంటుంది."

"తెలిసీ కొట్టావా?"

"మంచులో ఉన్నది ఎవరైతేనేం? ఇల్లు చేరాలి కదా."

క్లేటన్ ఉత్సాహంగా అరిచాడు: "ఓర్విల్, నా మోటారు చూశావా? చప్పుడే లేదు!"

"అయ్యయ్యో, రోగం ముదిరిపోయిందిరా! రేపు పొద్దున్నే పట్టుకురా."