బోడిగుట్ట మీద నా చెట్లు

ఉత్తరాన కొండలున్నాయి, మంచి ప్రేరణ దొరుకుతుంది, రెండు నెలలుండి బొమ్మలు వేసుకో అని మా చిత్రకళాశాల వాళ్లు నన్ను మదరాసు నుంచి పెద్దారవీడు పంపారు. పదిరోజులుగా నాకు దొరికింది ఎండ ఒక్కటే. దూరాన నల్లమల, ఎదురుగా గొర్రెలు మేసే బోడిగుట్ట. ఇవాళ విసుగుపుట్టి, బొమ్మలో ఆ గుట్ట నిండా పచ్చటి చెట్లు వేసేశాను. నీళ్లు పొయ్యక్కర్లేదు కదా!

వెనక నిలబడి చూస్తున్న గొర్రెల కాపరి ముసలాయన ఒక్కసారిగా చేతులు జోడించాడు.

“ఆ చెట్లు తీసెయ్ సామీ! పోయినేడు ఒక దొర ఇట్లనే కూచోని పటం గీసుకొని పోయినాడు. దాంట్లో చెట్లుండాయని అడివోళ్లు వచ్చి అవతలి గుట్టంతా సర్కారుదన్నారు. ఇది గూడా పోతే గొర్రెల్ని యాడికి తోలాల?”

“ఇది సర్కారు పటం కాదు తాతా. అందం కోసం వేసిన బొమ్మ.”

“అందానికైతే మా గొర్రెల్ని ఎయ్యి. అయ్యి నిజంగా ఉండాయి గదా!”

రంగు ఆరకముందే చెట్లన్నీ గుడ్డతో తుడిచి, గొర్రెలు వేశాను. ముసలాయన కింద నా సంతకం కూడా పెట్టించుకున్నాడు. ఆ తర్వాత, “అడివోళ్లు వస్తే చూపిచ్చాల” అంటూ తడి బొమ్మను పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లలో నా బొమ్మ ఒకరికి అవసరపడటం ఇదే మొదలు. ఇక కళాశాల వాళ్లకు ఏం చూపించాలో మీరే చెప్పండి.