రోహిణి కార్తెలో ఎండ్రికాయ గుడ్లు

తెలంగాణ వచ్చిన రెండో ఎండాకాలం అది. మా అత్త మంచం పట్టి నెల దాటింది. చూపు అంతకు నాలుగేళ్ల ముందే పోయింది. కోస్గి దవాఖానలో చూపిస్తే ముసలితనమే, ఏదైనా తినిపించండి అన్నారు. ఆమె నాలుగు రోజులుగా నీళ్లు తప్ప ఏదీ మింగలేదు. జొన్న గట్క తెస్తే మొహం తిప్పేది, పాలు తెస్తే మూతి బిగించేది. ఐదో రోజు పొద్దున తనంతట తనే ఎండ్రికాయల పులుసు అడిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

చెరువు ఎండిపోయింది. తూము దగ్గర మాత్రం కాస్త తడి ఉంది. పార పట్టుకుపోయి బొరియలన్నీ తవ్వితే ఒక్కటే దొరికింది. తిప్పి చూద్దును కదా, పొట్ట కింది పొర వెడల్పుగా ఉంది. ఆడది. పొర నిండా గుడ్లు. గుడ్ల మీదున్నదాన్ని మా ఇంట్లో వండరు. ఆ కట్టడి పెట్టిందే మా అత్త. ఆమెకు కనిపించదు కదా అనుకుని, మగదే దొరికిందని చెప్పాను.

"ఇటియ్యి బిడ్డా, ఎంత ఉన్నదో చూస్త" అని చెయ్యి చాపింది. డెక్కలు కట్టేసి ఉన్నాయి, కరుస్తుందని చెప్పడానికీ లేదు, ఇవ్వక తప్పలేదు. ఆమె వేలు పొర కిందికి పోయి అక్కడే ఆగింది. తిడుతుందనుకున్నాను.

"గుడ్లు ముదిరినయి. ఎండలు మొదలైనప్పుడు కొర్రలంత ఉంటయి, పచ్చగ, గట్టిగ. గిప్పుడు సజ్జలంతైనయి, మెత్తవడ్డయి. నల్లగైనయి గదా?"

అయ్యాయన్నాను.

"వాన పడంగనే పిల్లలైతయి. దొరికిన కాడనే ఇడిసిపెట్టి రా."

"మరి నువ్వేం తింటవత్తా?"

"ముందుగాల పోయి రా. వచ్చినంక చెప్త."

ఆ ఎండలో మళ్లీ పోయాను. తవ్విన బొరియ కూలిపోయింది. పక్కనే బురదలో చేత్తో గుంత చేసి, కట్టు విప్పి వదిలాను. కాసేపు కదల్లేదు. చచ్చిందేమోనని భయపడ్డాను. తర్వాత పక్కకు జరిగి బురదలో దూరింది. ఇంటికొచ్చి అత్తకు అదే చెప్పాను. గట్క మజ్జిగలో పలచగా కలిపి తెమ్మంది. మూడు గుక్కలు మింగింది. మరునాడు మళ్లీ మూడు. వాన ఎప్పుడంటున్నారని రోజూ అడిగేది.

ఆ ఏడు మిరుగు, అదే మృగశిర కార్తె, ఎండతోనే వచ్చింది. మిరుగు కదా, ఊళ్లో ఇంటింటా చేపలు వండుతున్నారు. పొద్దున ఆమె ఒక్క గుక్క తాగి, చాలని నా చెయ్యి పక్కకు జరిపింది. మధ్యాహ్నానికి పోయింది.

పులుసు చేసి పెట్టలేకపోయానన్న బాధ ఇప్పటికీ పోలేదు. పెట్టి ఉంటే ఇంకో నాలుగు రోజులు ఉండేదా, వేలు పెట్టి చూసినాక అసలు ముట్టేదా అని అనుకుంటూనే ఉంటాను.