'సరే' నొక్కిన వేలు

మా ఆసుపత్రి మందుల విభాగంలో మూడో కిటికీ దగ్గర కూర్చునే ఆవిడను అందరూ డేగకళ్ళ అక్క అంటారు. ఎదురుగా అనే ధైర్యం నాకొక్కడికే ఉంది, పక్క కిటికీ నాది కాబట్టి. ఇరవై రెండేళ్ళుగా డాక్టర్ల కోడిగీతలు చదివి, అనుమానం వస్తే మెట్లెక్కి వెళ్ళి అడిగి, ఒక్క తప్పు మాత్ర కూడా బయటికి పోనివ్వని మనిషి. ఆ సంగతి ఏమాత్రం మొహమాటం లేకుండా ఆవిడే చెప్పుకునేది. చెప్పుకోదగ్గదే మరి.

కంప్యూటర్లు వచ్చినప్పుడు మేమంతా మొహాలు వేలాడేస్తే ఆవిడ మాత్రం సంబరపడింది. "గీతల గోల వదిలింది. ఇక తెలివి మనది, జ్ఞాపకం దానిది," అంది. అందరికంటే ముందు నేర్చుకుని మాకూ నేర్పింది. ఏ రోగి ఏ మందులు వాడుతున్నాడో, ఎవరికి ఏది పడదో, అన్నీ తెర మీదే కనిపిస్తాయి. నిజంగానే మేలు జరిగింది, కాదంటే కళ్ళు పోతాయి.

చిక్కల్లా హెచ్చరికలతోనే. రెండు మందులకు పొత్తు కుదరకపోతే, రాసే డాక్టరుకైనా, వేసే నర్సుకైనా, ఇచ్చే మాకైనా తెర మీద ఎర్రపెట్టె ఒకటి లేస్తుంది. 'సరే' నొక్కితేగానీ పని ముందుకు కదలదు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఆ యంత్రం కోడిగుడ్డుకు ఈకలు పీకే రకం. దగ్గుమందు రాస్తే హెచ్చరిక, విటమిన్ మాత్ర రాస్తే హెచ్చరిక, ఖాళీ కడుపున వేసుకోవాలంటూ ఇంకో హెచ్చరిక. అన్నీ ఒకే ఎరుపు. గంటకు నలభై లేస్తుంటే ఎవడు చదువుతాడు? నెల తిరక్కుండానే మా వేళ్ళు వాటంతటవే 'సరే' నొక్కేయడం మరిగాయి.

ఒక సోమవారం ఉదయం క్యూ గుమ్మం దాటి మెట్ల దాకా పోయింది. మోకాళ్ళ నొప్పితో వచ్చిన ఒక బస్సు డ్రైవరుకు అక్క మందులిచ్చి పంపింది. అరగంట తర్వాత ఇంకెవరికో రక్తం పలచబడే మాత్రలు తీస్తుంటే ఆవిడ చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. గుండె వాల్వు మార్పించుకున్న ఆ డ్రైవరు నాలుగేళ్ళుగా వాడుతున్నవి ఇవే. వీటికి ఆ నొప్పి మాత్రలు తోడైతే కడుపులో రక్తం కారి ప్రాణం మీదికి రావచ్చు. గబగబా అతని వివరాలు తెరిచి చూసింది. ఇందాక మందులిచ్చేటప్పుడు ఎర్రపెట్టె లేచినట్టే అక్కడుంది. 'సరే' నొక్కింది ఆవిడ వేలే.

తెర మీద అతని నంబరుంది. మూడుసార్లు చేసినా ఎత్తలేదు. డిపోకు చేస్తే అప్పుడే బండి తీశాడన్నారు.

"ఎక్కడ ఆగితే అక్కడ పట్టుకుని, ఇవాళ ఇచ్చిన తెల్లమాత్ర వేసుకోవద్దని చెప్పండి బాబూ. మీకు పుణ్యముంటుంది," అని డిపో గుమాస్తాను బతిమాలింది.

పావుగంటకు డ్రైవరే ఫోన్ చేశాడు. "తిన్నాక వేసుకోమన్నారు కదమ్మా, నేనింకా ఏం తినలేదు. ఏమైంది?"

అక్క జరిగింది జరిగినట్టు అతనికి చెప్పి, క్షమించమని అడిగి, కుర్చీలో కూలబడింది. నేను చెవి దగ్గరికి వంగాను.

"గండం గడిచింది కదక్కా. ఇక్కడ ఎవరికీ తెలీదు. నోరు మూసుకుంటే పోతుంది."

"నాకు తెలుసు కదరా."

"ఇరవై రెండేళ్ళ పేరు చేజేతులా మట్టిలో కలుపుకుంటావా?"

"ఇంకో వారం ఇంకొకడు ముందే తినేసి కూర్చుంటే? నా పేరు వాణ్ని బతికిస్తుందా?"

శుక్రవారం అందరికీ కలిపి సమావేశం జరిగింది. కొత్త పద్ధతి వచ్చాక ఒక్క తప్పు కూడా జరగలేదని సూపరింటెండెంటు గారు చెప్పి, చప్పట్లు కొట్టించుకుంటుండగా అక్క లేచింది. కంప్యూటర్ల గది ఇంజనీరు చేత తీయించిన జాబితా గోడ మీద వేయించింది. నెలలో పదకొండు వేల హెచ్చరికలు. అందులో పదివేల పైచిలుకు రెండు సెకన్లలోపే దాటేశాం. ప్రాణానికి ముప్పు తెచ్చేవి, ఎవరూ చదవకుండా దాటేసినవి, ముప్ఫై ఆరు. ఎవరివి వాళ్ళు గుర్తుపట్టేలా తేదీ, మందు, రోగి అన్నీ ఉన్నాయి గానీ, ఎవరు నొక్కారో పేర్లుండే చోట ముప్ఫై అయిదు నల్లగా కొట్టేసి ఉన్నాయి. ఒక్క పేరే కనిపిస్తోంది, అక్కది.

"మిగతా పేర్లేవమ్మా?" అన్నారు సూపరింటెండెంటు.

"నేనే కొట్టేయించాను సార్. నా తప్పు నేను చెప్పుకుంటాను, శిక్ష వేస్తే వేయండి. కానీ ఎరుపు ఇలాంటి వాటికే ఉంచండి. మిగతావి పక్కన మామూలు అక్షరాల్లో పడితే చాలు. అప్పుడు ఎరుపు కనిపిస్తే ఆగుతాం."

హాల్లో ఉన్నవాళ్ళంతా గుమ్మడికాయల దొంగల్లా భుజాలు తడుముకుంటున్నారు. సర్జన్ గారు పైకప్పు చూస్తున్నారు. నాకు ముందు అక్క మీద ఒళ్ళు మండింది. తర్వాత, నోరు మూసుకోమని ఆవిడకు చెప్పిన నా మీద అంతకంటే ఎక్కువ మండింది. లేచి నిలబడ్డాను.

"వాటిలో మూడు నావి సార్."

వెనక వరసలోంచి పెద్ద నర్సు లేచింది. "నాది ఒకటి," అంది. ఆ తర్వాత సర్జన్ గారు పైకప్పు మీంచి చూపు దించి, "నావి అయిదు," అంటూ లేచారు. ముప్ఫై ఆరూ లెక్క తేలేసరికి హాల్లో ఇంకా కూర్చుని ఉన్నది సూపరింటెండెంటు గారొక్కరే. ఎరుపు తగ్గించే కాగితం అక్క ఆయన ముందు పెట్టింది, ఆయన సంతకం చేశారు.