కార్జంలో వాటా

చిల్పూరు శ్రీపాల్‌కు బుద్ధెరిగాక తమ్ముణ్ని చూసి కుళ్లుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. ఇంటికి పెద్ద తను, మీసం పెద్దది తనది, ఊళ్లో పంచాయితీ పడితే ముందు పిలుపు తనకే. అలాంటి మనిషికి కామెర్లు ముదిరి కార్జం, అదే కాలేయం, చెడిపోతే, హైదరాబాదు దవాఖానలో తమ్ముడు మహీధర్ తన కార్జంలో సగానికి పైగా కోసి ఇచ్చాడు. ప్రాణం నిలిచింది. ఆ కుట్లలోంచే అసూయ కూడా లోపలికి దూరింది.

ఎందుకంటే, మహీధర్ కార్జం మూడు నెలల్లో గిల్లిన గోంగూరలా మళ్లీ చిగిర్చింది. వాడు బెల్లం గడ్డలు చప్పరిస్తూ తిరిగేవాడు. శ్రీపాల్‌కేమో షుగరు వచ్చింది. కొత్త కార్జాన్ని ఒళ్లు పరాయిదని తరిమేయకుండా వేసుకునే గోలీలే చక్కెర పెంచుతాయట. పూటపూటకూ పొట్టలో ఇన్సులిన్ సూది. ఊరికి తెలిస్తే నామోషీ అని గడ్డివాము చాటున పొడుచుకునేవాడు. బర్రెలు తప్ప సాక్షులు లేరు.

అది తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కిన కాలం. మైకు దొరికితే చాలు, మహీధర్‌ది ఒకటే మాట.

“మా అన్నకు కార్జం ఇచ్చిన! తెలంగాణకు పానం ఇయ్యనా?”

ఆ మాటకు చప్పట్లు జనగామలో మోగితే ఎక్కడో దూరాన ఉన్న చెల్పూరు కరెంటు ప్లాంటు చిమ్నీ మీది కాకులు లేచేవని చెప్పుకునేవారు. కింద కూర్చున్న శ్రీపాల్‌ను ఓ అవ్వ వేలుపెట్టి చూపేది.

“కార్జం తీస్కున్నది గీయనేనా?”

అంత మీసమూ చిన్నబోయేది.

సద్దుల బతుకమ్మ నాడు జనగామ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండుకుని అక్కడే తినాలి. ఆ రోజు కోసం శ్రీపాల్ ఉపాయం పన్నాడు. షుగరు తెచ్చేది గోలీలు కదా, గోలీలు మానితే షుగరు పోతుంది, తమ్ముడి కళ్లముందే తియ్యటి మలీద తినొచ్చు! రెండు రోజుల గోలీలు గడ్డివాములో దోపాడు. ఇక లేని షుగరుకు సూదెందుకని అదీ మానేశాడు.

రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు పంచుతున్నారు.

“నీకొద్దులే అన్నా. నీ వాటా గూడ నేనే తింట,” అన్నాడు మహీధర్.

“నా వాటా నేనే తింటరా!”

శ్రీపాల్ ముద్ద మీద ముద్ద మింగాడు. సాయంత్రానికి నోరు పిడచకట్టింది. బిందెడు నీళ్లు తాగినా దాహం తీరలేదు. మైకు ముందున్న తమ్ముడు ఇద్దరుగా కనిపించాడు. ఒక్కణ్నే చూడలేక చస్తుంటే ఇద్దరా అనుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు.

మహీధర్ మైకు విసిరేసి దూకాడు. “అన్నా! గోలీలు ఏసుకున్నవా?”

“గడ్డివాముల... ఉన్నయి.”

శ్రీపాల్ భార్య నిర్మల నెత్తి కొట్టుకుంది. “కార్జం గడ్డివాముకు మార్చిన్రా? దానికెందుకు గోలీలు?”

అన్నను జీపులో వేసుకుని మహీధర్ హైదరాబాదు ఉరికించాడు. డాక్టరు ఇద్దరినీ తిట్టాడు. షుగరు దిగుతుంది, కానీ గోలీలు ఇంకొన్నాళ్లు మానితే కార్జం పోయేదన్నాడు. ఇచ్చినవాడు రెండోసారి ఇవ్వలేడని కూడా చెప్పాడు.

మంచం పక్కన మహీధర్ ఏడ్చాడు. “నా కార్జం పాడు చేస్తుంటివి గదన్నా!”

“ఇంకా నీదేనారా?”

“మరి ఎవలది?”

దానికి జవాబు శ్రీపాల్ ఒంట్లో సత్తువ వచ్చాక, తర్వాతి సభలో చెప్పాడు, తమ్ముడి చేతిలోని మైకు గుంజుకుని.

“మా తమ్ముడు ఒక్కనాడు ఇచ్చిండు. నేను దినాం కాపాడుతున్న! తెచ్చుకునుడు ఒకెత్తు, నిలుపుకునుడు ఇంకో ఎత్తు. రేపు తెలంగాణ గూడ గంతే!”

చప్పట్లే చప్పట్లు. మహీధర్ మొహం మాడిన రొట్టె అయింది. గుట్టు బయటపెడితే సిగ్గుపడి దిగుతాడని, వేదిక దిగి కింది నుంచి అరిచాడు.

“అన్నా, నీ సూది యాళ్లయింది! దిగు!”

శ్రీపాల్ దిగలేదు. జేబులోంచి సూది తీసి, అంగీ ఎత్తి, జనమంతా చూస్తుండగా పొట్టలో పొడుచుకున్నాడు. ఈసారి లేచిన కాకులు గూడూరు అడవి దాకా పోయి మళ్లీ రాలేదట.

కింద మహీధర్ చేతిలోని బెల్లం గడ్డ చప్పరించకుండానే కరిగిపోయింది.