గేటు దాటి వాపసు పోయిన సమన్లు

అబద్ధం రాసి పంపారు. మేమంతా కాక అని పిలిచే మా ఆఫీసు గేటు గార్డు పేరు మీద కోర్టు నుంచి వచ్చిన సాక్షి సమన్లను మా టవర్ రిసెప్షన్ రెండుసార్లు వెనక్కి పంపింది. రెండుసార్లూ ఒకటే మాట: ఆ పేరుతో ఇక్కడ ఎవరూ పని చేయడం లేదు. మొదటిసారి ఆ మాట చెప్తున్నప్పుడు కాక రిసెప్షన్ అద్దాల తలుపుకు ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో, బారియర్ పక్కన నిలబడి ఉన్నాడు.

పోయిన మంగళవారం పొద్దున ఆయన సర్కారు దవాఖానలో చనిపోయాడు. గుండె ఆగిందని డాక్టర్లు రాశారు. కోర్టు ఫైలులో మాత్రం ఆయన ఇంకా దొరకని సాక్షిగానే ఉన్నాడు. ఇది రాస్తున్నది అందుకే.

నేను ఆ టవర్‌లోనే నాలుగో అంతస్తు ప్యాంట్రీలో టీ, కాఫీలు చూసుకుంటాను. బేస్‌మెంట్ గార్డు ఒకతను సర్వీస్ లిఫ్టులో పైకి వచ్చి వార్త చెప్పాడు. టీ మెషిన్ ఆపేశాను. ఇంతలో ఒక సార్ కప్పు పట్టుకొని వచ్చి, మెషిన్ పాడైందా అని అడిగారు. గేటు దగ్గర ఉండే కాక పోయారు సార్ అన్నాను. "ఏ గేటు?" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. వానాకాలంలో కాక గొడుగు కింద ఎన్నోసార్లు క్యాబ్ దాకా నడిచినవారే. కానీ గొడుగు పట్టిన మనిషి ముఖం చూడాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

కాకను నేను మొదట చూసింది ఉద్యోగంలో చేరిన రోజు. నా పాస్ రాలేదు. లోపలికి పోనివ్వరు, వెనక్కి పొమ్మని కూడా చెప్పరు. ఎండలో ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంటే కాక పిలిచాడు. "నీ పేరింక సిస్టమ్‌ల ఎక్కలేదంట బిడ్డా. ఎక్కేదాక నా పక్కకు నిలబడు" అని తన గొడుగు నీడలోకి జరిపాడు. మధ్యాహ్నం దాకా ఆ నీడలోనే ఉన్నాను. ఆ పూటంతా ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నీళ్ళు తాగావా అని మాత్రం అడిగాడు. అది అందరినీ అడిగేవాడు. ఫుడ్ డెలివరీ పిల్లలకు బారియర్ డబ్బా వెనక నీడలో బండ్లు పెట్టుకోనిచ్చేవాడు. అక్కడ పెట్టనివ్వొద్దని ఆఫీసు నుంచి చెప్పినా, సరే సార్ అంటూనే పెట్టనిచ్చేవాడు.

బయటికి వెళ్ళే ప్రతి కారుకీ "పోయి రా" అనేవాడు. అద్దాలు ఎత్తుకొని, చెవుల్లో ఏదో పెట్టుకొని పోయేవాళ్ళకు కూడా.

"ఎవరికి ఇనిపిస్తది కాకా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"నాకు ఇనిపిస్తది గదా" అన్నాడు.

గేటుకు రాకముందు ఆయన బాలానగర్‌లో రేకులు కొట్టే ప్రెస్ మెషిన్ల షాపులో పని చేశాడు. ఎడమ చెయ్యి చూపుడువేలు సగమే ఉండేది. ఆ కథ నాకు చాలా రోజుల తర్వాత చెప్పాడు, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే. వేలు పోయింది నీ అజాగ్రత్త వల్లే అని ఓనర్ అన్నాడట. పక్క మెషిన్ మీద ఉన్నవాడు ఏమీ చూడలేదన్నాడట. వాడి మీద కోపం లేదా అని అడిగితే నవ్వాడు. "వానికి అప్పుడు పోరగాండ్లు చిన్నోళ్ళు. ఏం జేస్తడు? నా పిల్లలిప్పుడు పెద్దగైన్రు. నాకేం ఫికర్?" ఎందుకు అలా అన్నాడో చెప్పాలంటే అద్దాలు తుడిచే తమ్ముడి సంగతి చెప్పాలి.

మా టవర్ బయటి అద్దాలను తాళ్ళ మీద వేలాడుతూ తుడుస్తారు. ఆ పని ఒక కాంట్రాక్టరుది. ఆ రోజు పొద్దున సామాను వ్యాను గేటు పక్కనే ఆగింది. ఆ పిల్లల్లో ఒక తమ్ముడు తన బెల్టు కొక్కెం పట్టడం లేదని వాళ్ళ సూపర్‌వైజర్‌కు చెప్పాడు. విదేశీ గెస్టులు వస్తున్నారు, ముందు వైపు అయ్యేదాకా గుడ్డతో కట్టుకొని ఎక్కమన్నాడు సూపర్‌వైజర్. కాక పక్కనే నిలబడి విన్నాడు. ఎక్కించొద్దని కూడా అన్నాడట. నీ గేటు నువ్వు చూసుకో అన్నారు.

ఆ తమ్ముడు కిందికి దిగుతూ నా ప్యాంట్రీ కిటికీ ముందు ఆగాడు. అద్దం మీద తట్టి, టీ అని సైగ చేశాడు. పని అయ్యాక రా అని నేనూ సైగ చేశాను. కొక్కేనికి చుట్టిన గుడ్డ నాకు కనబడింది. అదేమిటో అప్పుడు నాకు తెలియదు. ఆ అంతస్తు దాటిన కాసేపటికే పడ్డాడు. బతికాడు. నడుము కింద కదలదు. జీడిమెట్లలో తల్లి దగ్గర మంచం మీద ఉన్నాడు. తల్లి పరిహారం కోసం కేసు వేస్తే కాంట్రాక్టర్ కోర్టులో ఏం చెప్పాడంటే, కుర్రాడు తనంతట తానే బెల్టు విప్పుకున్నాడని.

ఆ మాటకు ఎదురు చెప్పగలిగినవాడు కాక. కొక్కెం పట్టడం లేదన్న మాటా, అయినా ఎక్కమన్న మాటా కాంట్రాక్టరు మనుషులు తప్ప చెవులారా విన్నది ఆయన ఒక్కడే. తమ్ముడి తల్లి తరఫు వకీలు కాక పేరును సాక్షిగా ఇచ్చారు. చిరునామా దగ్గర కాక స్వయంగా మా టవర్ పేరు రాయించాడు. ఖాజాగూడలో కిరాయి గది మారుతూ ఉండేవాడు. తెల్లారితే గేటు దగ్గరే ఉంటాను, నేను దొరికేది అక్కడే అని ఆయన లెక్క. ఆ లెక్కలో తప్పేముంది?

సమన్లంటే భయపడాల్సిన కాగితం అని నేను అనుకునేదాన్ని. కాకకు మాత్రం అది కావాలి. అది లేకుండా కోర్టుకు పోతే సెలవు ఇవ్వరు, పైగా కంపెనీకి ఎదురు తిరిగాడని పేరు. అది చేతిలో ఉంటే పిలిచింది కోర్టు, ఆపేవాడెవడు? ఒకసారి ఆయన సెలవు పెట్టి ఊరికే కోర్టుకు పోయి చూశాడు. మీ పేరు పిలిచే రోజు వేరే ఉంటుంది, సమన్లు వస్తాయి, అప్పుడు రండి అని చెప్పి పంపారు. దాంతో ఎదురుచూపు మొదలైంది.

నేను ఇంటర్‌తో ఆపేశాను. కానీ ఫోన్లో దొరికినవన్నీ చదువుతాను, అర్థం కానిది వకీలుగారిని ఫోన్ చేసి అడుగుతాను. టీ టైం తర్వాత కిందికి దిగి కాకకు ఎదుటి పక్షం వకీలులా ప్రశ్నలు వేసేదాన్ని. నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావని రుజువేమిటి అని గద్దించేదాన్ని.

"యాడుంట మరి? డ్యూటీ గాడనే గదా."

కోర్టులో అట్లా ఎదురు ప్రశ్న వేయకూడదు కాకా అంటే, "మరి గిట్ల అడుగుతే ఏం జెప్పాలె? నువ్వే అసలు వకీలు కన్న అధ్వానమున్నవ్" అనేవాడు. పక్కనున్న డెలివరీ పిల్లలు నవ్వేవాళ్ళు. మళ్ళీ మొదటినుంచి అడగమనేవాడు. చివరికి ఒకటే జవాబు నేర్చుకున్నాడు: నేను చూసిన, నేను ఇన్న, అదే చెప్తున్న.

ఒక మధ్యాహ్నం తమ్ముడి తల్లి గేటుకు వచ్చింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఆమె కాకను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నువ్వు గూడ అమ్ముడువోయినవా అన్నా?" అంది. కోర్టులో నీ కాగితం వాపసు వచ్చిందని చెప్పారు, నువ్వు ఈ గేటు మీద పనే చేస్తలేవంట, మరి ఈడ నిలబడ్డదెవరు అని అడిగింది.

కాక ఆమెను గొడుగు నీడలోకి పిలిచాడు. కోర్టు మనిషి ఎట్లుంటాడు, భుజానికి సంచి ఉంటదా అని ఆమెను అడిగాడు. తర్వాత గుర్తొచ్చింది. అలాంటి మనిషి వచ్చాడు. ఎవరికోసం సార్ అని కాక అడిగితే, లోపల ఆఫీసులో ఇవ్వాలి అన్నాడు. చేతిలో కాగితాల మీద ఎవరి పేరుందో చూడడం గార్డు పని కాదు. బారియర్ ఎత్తాడు. రిసెప్షన్ ఎటో చూపించాడు.

"నీళ్ళు గూడ ఇచ్చిన చెల్లే" అన్నాడు ఆమెతో. "నా కాగితం పట్టుకొచ్చినోనికి నేనే తలుపు తీసి తొవ్వ చూపెట్టిన."

ఆమె నమ్మింది. చెంగుతో ముఖం తుడుచుకొని, ఇగ పోతానన్నా అని బస్టాప్ వైపు నడిచింది. కాక ఆ సాయంత్రం ఏ కారుకూ పోయి రా అనలేదు.

మొదటిసారి పొరపాటే అనుకుందాం. రిసెప్షన్ అమ్మాయి సిస్టమ్‌లో వెతికింది. అందులో ఉండేది కంపెనీ ఉద్యోగుల పేర్లు. గార్డులు ఏజెన్సీ మనుషులు, ప్యాంట్రీ ఇంకో ఏజెన్సీ, అద్దాల వాళ్ళు మరొకరు. మేమెవరమూ ఆ సిస్టమ్‌లో లేము. కాక చొక్కా మీద కూడా ఏజెన్సీ పేరే ఉండేది, ఆయన పేరు కాదు. అందరికీ కాక. సరే, ఒప్పుకుంటాను.

అందుకే నేను ఫెసిలిటీ మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఆయన పేరేమిటో, ఎక్కడ నిలబడతాడో చెప్పాను. మళ్ళీ సమన్లు వస్తాయి, దయచేసి ఆయన్ని పిలవండి అన్నాను. మేనేజర్ గారు మర్యాదగానే విన్నారు.

"చూడమ్మా, వెండర్ స్టాఫ్ లీగల్ మేటర్స్ మన డెస్క్ తీసుకోదండి. తీసుకుంటే రేపు ఆన్సర్ మనం చెప్పాలి."

మీరు తీసుకోవాలని ఎవరన్నారు? కోర్టు నియమం చదివితే తెలుస్తుంది: వీలైనంత వరకు సమన్లు ఆ మనిషి చేతికే ఇవ్వాలి. డెస్క్ సంతకం పెట్టనక్కర్లేదు, కవరు ముట్టుకోనక్కర్లేదు. అదిగో ఆయనే అని వేలు చూపిస్తే చాలు. అంతకంటే ఒక్క పని ఎక్కువ అడగలేదు మేము. ఈ టవర్‌లో పిజ్జా ఏడో అంతస్తు టేబుల్ దాకా వెళ్తుంది. పుట్టినరోజు కేకు వస్తే ఎవరిదో కనుక్కొని ఫోన్ చేసి పిలుస్తారు.

నేను చెప్పి వచ్చిన వారంలోనే కాకను గేటు మీద నుంచి తీసి బేస్‌మెంట్ పార్కింగ్‌కు వేశారు. కారణం చెప్పలేదు. రెండోసారి సమన్లు వచ్చినప్పుడు గేటు మీద కొత్త కుర్రాడున్నాడు. రిసెప్షన్ మళ్ళీ అదే జవాబిచ్చింది. ఈసారి పొరపాటని నేను ఒప్పుకోను.

బేస్‌మెంట్‌లో పొగ, వేడి. నేను టీ పట్టుకొని దిగితే అడిగేవాడు, పైన వాన పడుతుందా బిడ్డా అని. బయట ఏముందో తెలియక పరేషాన్ అయ్యేవాడు. బేస్‌మెంట్ వల్లే పోయాడని నేను రాయను. నాకు తెలియదు. తెలిసింది మాత్రమే చెప్పాలని నేర్చుకున్నది ఆయన దగ్గరే. సమన్లను స్వయంగా కాక చేతికిచ్చేందుకు వకీలుగారు కోర్టు అనుమతి అడిగారు. అనుమతి వచ్చింది. కాగితం తయారయ్యేలోగా మంగళవారం వచ్చింది.

సాగనంపడానికి డెలివరీ పిల్లలు యూనిఫాం టీషర్టులతోనే వచ్చారు. తమ్ముడి తల్లి వచ్చింది. టవర్ నుంచి మా లాంటివాళ్ళం కొందరం తప్ప ఎవరూ రాలేదు. ఎవరికని చెప్తాం? పేరు చెప్తే తెలియదు, కాక అంటే ఏ కాక అంటారు.

ఇక మిగిలింది నేను. కాక విన్నది నేను వినలేదు. కానీ కొక్కేనికి కట్టిన గుడ్డ చూశాను. బెల్టు విప్పుకోలేదు, ఒంటి మీదే ఉంది, గుడ్డతో కట్టి ఉంది. ఆ మాట చెప్పడానికి వకీలుగారు ఇప్పుడు నా పేరు ఇచ్చారు. నా సమన్లు ఈ నెలలోనే వస్తాయి. ఇంటి చిరునామా కూడా ఇచ్చాను, నేను అంత తెలివితక్కువదాన్ని కాదు. కానీ మొదటి చిరునామా మా టవరే. నేను పని చేసేది అక్కడ, చూసింది అక్కడ. నా పేరు ఆ సిస్టమ్‌లో ఎందుకు లేదో అడిగే హక్కు నాకుంది. ఇది అచ్చయ్యాక నా ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. ఈ అడుగు వేసే ముందు చాలా ఆలోచించాను.

టవర్ ఫెసిలిటీ ఆఫీసు వారికి: మీరు రెండు కాగితాలు ఇవ్వాలి. ఒకటి, కోర్టుకు. ఆ రెండు తారీకుల్లోనూ మా కాక మీ దగ్గరే డ్యూటీలో ఉన్నాడని, తప్పించుకున్నది ఆయన కాదని, వెనక్కి పంపింది మీ డెస్క్ అని. దాని నకలు తమ్ముడి తల్లికి. రెండోది, ఇకమీదట కాంట్రాక్టు పనివాళ్ళలో ఎవరి పేరు మీద కోర్టు మనిషి వచ్చినా ఆ మనిషిని కిందికి పిలుస్తామని. వచ్చే శుక్రవారం సాయంత్రం షిఫ్ట్ మారేలోపు రెండూ కావాలి. రాకపోతే రిసెప్షన్ ఏం చెప్పిందో, ఎవరు చెప్పించారో సోమవారం వాయిదాలో వకీలుగారి చేత కోర్టులోనే అడిగిస్తాను.

జవాబు రిసెప్షన్‌లో వదిలి వెళ్ళకండి. నాలుగో అంతస్తుకు రండి. నా పేరు పెట్టి పిలిచి నా చేతికివ్వండి.