బాయిల డీజిలు కాలిన యేడు

గిప్పటికీ మా బాయి దిక్కు చూడబుద్ధి కాదు. మాది కొడకండ్ల దిక్కు. ఆ యేడు వానలు ఎనుకకు పడ్డయి. బోరు ఎప్పుడో ఎండింది. ఉన్నదల్లా ఒక్క బాయి, దాని పక్క మడిల పోసిన నారు. ఆ నారు బతికితేనే మాకు పంట. సరిగ్గ అప్పుడే మోటరు కాలిపాయె. మా ఆయన దాన్ని రిపేరుకు తొర్రూరు తీస్కపోయిండు.

నారు వాడుతున్నదని మా బావ, అంటే మా ఆయన అన్న, తన డీజిలు ఇంజను తెచ్చిండు. తాళ్లు కట్టి బాయిలకు దించుతుంటే జారి నీళ్లల్ల పడ్డది. చైన్లేసి ఇంజనునైతే గుంజినం గానీ, డీజిలు, ఇంజనాయిలు నీళ్లమీద పరుచుకున్నయి. గోనె సంచులు దించి అద్ది తీద్దామని నేనన్న. నా మాట ఎవరింటరు? అంటుపెడితే మొత్తం కాలిపోతది, కింద నీళ్లకేం కాదని మా బావ జిద్దు పట్టిండు.

గడ్డి అంటిచ్చి ఏసిండ్రు. జరసేపటికి అంటుకున్నది. అబ్బ, ఏం పొగ అది! బాయిమీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాని గూళ్లుండె, అవి గూడ కాలినయి. పిట్టలు పొగ సుట్టూ అరుసుకుంట తిరిగినయి. రెండు దినాలు ముక్కు చీదితే మసే.

మంట ఆరినంక నీళ్లు తేటగ కనపడ్డయి. అందరం సంబురపడ్డం. మోటరు రాంగనే మడికి నీళ్లు పెట్టినం. నీళ్ల ఎంబడి నల్లటి జిగట తుకడలొచ్చినయి, తారు లెక్క. డీజిలు కాలంగ మిగిలింది గట్టిపడి అడుగుకు దిగిందట. మోటరు గుంజేది అడుగు నుంచేనాయె. బర్రె తొట్టిల మూతి పెట్టి మళ్ల తీసింది. నారు మొదట పసుపు లెక్క పచ్చబడ్డది, తర్వాత మొదళ్లు నల్లగై కుళ్లింది.

కోపమొచ్చింది గానీ కొట్లాడ ఓపిక లేదు. ఒక్క మాటే అడిగిన.

"బావా, పైనున్నప్పుడు సంచులతోనన్న తీసేటోళ్లం. గిప్పుడు అడుగుకు ఎవరు దిగుతరు?"

ఆయన పోయి గట్టుమీద కూసున్నడు.

వానలు పడ్డయి. నారు అడిగితే ఎవరిది వాళ్లకే సాలలే. మా పొలం బీడు పడ్డది. నేను పక్కోళ్లకు నాటు కూలికి పోయిన. వాళ్ల నారుకట్ట చేతికియ్యంగనే ఏడుపాగలే. వంగి నాటేసుకుంటనే ఏడ్సిన.